పద్నాలుగో నిబంధన: ఏ గుమ్మంలోంచి రావాలి

దోహాలో ఇరవై రెండేళ్ళు నేను చేసిన ఉద్యోగం ఏమిటో మా అత్తగారికి చివరిదాకా అర్థం కాలేదు. "ముసలివాళ్ళని చూసుకుంటాడు" అని కాకినాడంతా చెప్పింది. నేను ఒక్క ముసలాయనకీ మంచినీళ్ళు కూడా ఇచ్చిన పాపాన పోలేదు. నర్సుని, కసరత్తు చేయించేవాణ్ణి, భోజనం తెచ్చేవాణ్ణి పంపే కంపెనీని ఎంచడం, వాళ్ళేం చెయ్యాలో కాగితం మీద రాయడం, చేశారో లేదో ఇళ్ళకు వెళ్ళి చూడడం, ఇదీ మా సర్కారీ ఆఫీసు పని. మేం సేవ చేసేవాళ్ళం కాదు, చేయించి పెట్టేవాళ్ళం.

యాభై ఆరేళ్ళకే ఉద్యోగం విరమించాను. మా ఆవిడ ఇంకా బడిలో పాఠాలు చెబుతోంది కాబట్టి దోహాలోనే, ఫరీజ్ అబ్దుల్ అజీజ్‌లోని మా ఫ్లాటులోనే ఉంటున్నాం. ఈ పనిలోకి కొత్తగా వచ్చిన మన పిల్లలు సాయంత్రాలు వచ్చి, "అంకుల్, టెండర్ డాక్యుమెంటు ఎలా రాయాలి" అని అడుగుతున్నారు. అది మీకు నాకంటే బాగా వచ్చు. నాకు తెలిసిందల్లా ఎలా రాయకూడదో. అది చెబుతాను.

ముందుగా ఒక హెచ్చరిక. నాకు ఉన్నదానికి కాస్త కలిపి చెప్పే అలవాటుంది. మా పై అధికారి మునీరా మేడమ్ ఖతరీ ఆవిడ, నాకంటే పదేళ్ళు చిన్నది. మా ఆఫీసుకి అధికారిగా వచ్చిన నెలలోనే ఈ సంగతి కనిపెట్టింది. ఇరవై కుటుంబాలు ఫిర్యాదు చేశాయని నేనంటే ఆవిడ కాగితం మీద పది అని రాసుకునేది. "ప్రసాద్, ఇది తగ్గింపుకి ముందా, తర్వాతా?" అని అడిగేది. నేను నవ్వేవాణ్ణి. ఆ నవ్వుకి తర్వాత మూల్యం చెల్లించాను.

మూడు వ్యాన్లు

అప్పట్లో ఒక్కో సేవకి ఒక్కో కంపెనీ ఉండేది. నర్సు ఒకళ్ళ మనిషి, కసరత్తు ఇంకొకళ్ళ మనిషి, భోజనం మరొకళ్ళది. ఒకరి సంగతి ఒకరికి తెలియదు.

ఒక ఉదయం అల్ ఖోర్‌లో ఒక పెద్దావిడ ఇంటి సందులోకి మూడు వ్యాన్లూ ఒకేసారి వచ్చాయి. ఎదురూ బొదురూ ఇరుక్కున్నాయి. ఎవరు వెనక్కి తీయాలన్నది తేలలేదు. ముగ్గురు డ్రైవర్లూ మూడు దేశాలవాళ్ళు, మూడు భాషల్లో తిట్టుకుంటున్నారు. నేను తనిఖీకి వెళ్ళేసరికి నర్సు తన వ్యాన్‌లో నిద్రపోతోంది, భోజనం ఎండలో రెండోసారి ఉడుకుతోంది. పెద్దావిడ మాత్రం గేటు దగ్గర కుర్చీ వేయించుకుని, చాలా ఏళ్ళ తర్వాత మంచి కాలక్షేపం దొరికినట్టు చూస్తోంది. సందు చివర ఒక ఒంటె కూడా దారి కోసం వేచి ఉందని నా రిపోర్టులో రాశాను. మునీరా మేడమ్ ఒంటెని కొట్టేసింది, వ్యాన్లని ఉంచింది.

"ఇక మీదట ఒక ఇంటికి ఒకే కంపెనీ, ఒకే మనిషి, ఒకే ఫైలు" అంది. "నువ్వే రాయి."

అలా నా చేతికి వచ్చింది ఆ కాంట్రాక్టు.

బొమ్మకి క్షమాపణ

పోటీకి నాలుగు కంపెనీలు వచ్చాయి. తెరమీద బొమ్మలు వేసి చూపించే ఉపన్యాసాలు మీరూ వింటారు. నమ్మకండి. అందరి తెరమీదా ఒకే ముసలమ్మ, ఒకే చిరునవ్వు. మేం ఒక రబ్బరు బొమ్మని కుర్చీలో కూర్చోబెట్టి, మంచం మీదికి మార్చి చూపించమన్నాం. మూడు కంపెనీల మనుషులు చకచకా మార్చేశారు. నాలుగో కంపెనీ తరఫున వచ్చిన కెన్యా నర్సు జోసెఫ్ ఆరడుగుల మనిషి. ఆ రోజు చేతులు చెమటపట్టి బొమ్మని కింద పడేశాడు. వెంటనే మోకాళ్ళ మీద కూర్చుని దాని తల నిమిరి "క్షమించండి బాబా, దెబ్బ తగిలిందా?" అని అడిగాడు. గదిలో అందరూ నవ్వారు.

మునీరా మేడమ్ నవ్వలేదు. మార్కుల కాగితాల్లో మిగతా అన్నిటిలో ఆ కంపెనీ ఎలాగూ ముందే ఉంది, కాంట్రాక్టు వాళ్ళకే వెళ్ళింది. ఆవిడ నా చెవిలో అన్న మాట మాత్రం ఇప్పటికీ నా దగ్గర ఉంది. "మిగతావాళ్ళు బరువుని మంచం మీదికి మార్చారు. ఇతను మనిషిని మార్చాడు."

ఇందులో తగ్గింపు అక్కర్లేదు. బొమ్మ దండం పెట్టిందని నేను చెబితే అప్పుడు తగ్గించుకోండి.

పద్నాలుగో నిబంధన

దోహాలోనే మదీనత్ ఖలీఫా అనే పేటలో అబూ రాషిద్ అని ఒక పెద్దాయన ఉన్నారు. ఎనభై దాటాయి. పక్షవాతం వచ్చి ఎడమకాలు బలహీనపడింది. భార్య పోయింది, కూతురు హెస్సా పక్క విల్లాలో ఉంటుంది. ఇంట్లో ఆయనకి తోడు ఓబులేసు. కడప జిల్లావాడు, ఇరవై ఏళ్ళుగా ఆ ఇంటి డ్రైవరు. ఆయన్ని ఇంట్లోనే ఉంచి చూసుకోవచ్చని ఆస్పత్రివాళ్ళు ఒప్పుకున్నారు గానీ ఒక షరతు పెట్టారు. కొత్త సేవ మొదలైన ఆరు వారాలకి డాక్టరు ఇంటికి వచ్చి చూస్తాడు. ఒక మనిషి సాయంతో కుర్చీలోంచి లేచి నిలబడగలిగితే సరే. లేకపోతే ఆస్పత్రిలో దీర్ఘకాలం ఉండే వార్డుకి మార్చేస్తారు. ఆ వార్డుకి వెళ్ళినవాళ్ళు సాధారణంగా తిరిగిరారు.

పాత పద్ధతిలో ఆ ఇంటికి రోజూ ఐదారుగురు వచ్చేవారు. కొత్తదాంట్లో జోసెఫ్ ఒక్కడే, రోజుకు రెండుసార్లు. సూది, మందులు, కసరత్తు, భోజనం అన్నీ అతనే. ఐదారుగురిని ఒక్కణ్ణి చేశానని నేను ఆఫీసులో ఛాతీ విరుచుకుని తిరిగాను.

కాంట్రాక్టులో పద్నాలుగో నిబంధన నా సొంత కవిత్వం. "సేవా సిబ్బంది ఇంటివారి మర్యాదకు భంగం కలగకుండా వంటింటి వైపు గుమ్మం నుండి ప్రవేశించవలెను." అందరూ మెచ్చుకున్నారు. ఎంత ఆలోచించి రాశాడో అన్నారు.

ఐదో వారంలో హెస్సా ఫోన్ చేసింది. "మా నాన్న పదకొండు రోజులుగా లేవడం లేదు. జోసెఫ్ మంచివాడే. కసరత్తు చేయిస్తున్నాడు. కానీ ఆయన లేవడం లేదు. వచ్చి చూడండి, దయచేసి."

వెళ్ళాను. ఆఫీసరుని కాబట్టి ముందు గుమ్మంలోంచే వెళ్ళాను. అక్కడి విల్లాల్లో ముందువైపు మజ్లిస్ ఉంటుంది, అతిథుల్ని కూర్చోబెట్టే పెద్ద గది. గోడల వెంట దిండ్లు, మధ్యలో గహ్వా అనే అరబ్బీ కాఫీ పాత్ర. అబూ రాషిద్ ఎదురుగా ఎత్తైన కుర్చీలో ఉన్నారు. నన్ను చూడగానే రెండు చేతులూ కుర్చీ చేతుల మీద పెట్టి లేవబోయారు. భుజాలు లేచాయి, మోకాళ్ళు లేవలేదు. మళ్ళీ ప్రయత్నించారు. ఓబులేసు పరిగెత్తుకొచ్చి చెయ్యిచ్చాడు. అయినా కాలేదు.

కూర్చుండిపోయి తలవంచుకున్నారు. నా వైపు చూడకుండానే అన్నారు. "క్షమించు. ఇవాళ నా కాళ్ళు మర్యాద మరిచిపోయాయి."

నాకు తెలిసిన కథలన్నీ ఆ గుమ్మంలోనే ఆగిపోయాయి.

ఓబులేసు చెప్పింది

బయటికి వచ్చాక కారు నీడలో ఓబులేసు నన్ను ఆపాడు.

"సార్, నేను ఒకటి చెప్తా, ఏమనుకోగాకండి. ఆయప్ప లేసేది కసరత్తు కోసరం కాదు సార్. మనిషి వచ్చినాడని లేస్తాండె. పొద్దున సూది ఆయన వస్తే లేస్తాండె, అన్నం ఆయన వస్తే లేస్తాండె, నెత్తురు తీసుకోను వచ్చినాయనకు గూడా లేస్తాండె. నేను చెయ్యి ఇచ్చేది అంతే. ఇప్పుడు ఇంట్లోకి ఎవురూ రారు గదా."

"జోసెఫ్ రోజూ రెండుసార్లు వస్తున్నాడు కదయ్యా?"

"జోసెఫ్ వంటింట్లోనుంచి వస్తాడు సార్, చెప్పులు చేతిలో పట్టుకోని. వంటింట్లోనుంచి వచ్చినోడు ఇంటోడు. ఇంటోడికి ఎవురన్నా లేస్తారా? నేను ఇరవై ఏండ్లుగా ఆ గుమ్మంలోనే వస్తాండా. నాకెప్పుడన్నా లేసినాడా?" అని నవ్వాడు. ఆ నవ్వులో నిష్ఠూరం ఏమీ లేదు. "జోసెఫ్‌ను అడిగితి, ముందర నుంచి రా అబ్బీ అని. రూలు ఉండాది, ఉద్యోగం పోతాది అన్యాడు. యెవురో పెద్దసారు ఏసీలో కూర్చోని రాసింటాడులే సార్. ఆయనకు ఇల్లు అంటే ఏమి తెలుసు?"

నేను చేతిరుమాలు తీసి ముఖం తుడుచుకున్నాను. ఎండగా ఉందన్నాను.

తగ్గింపు

మునీరా మేడమ్ దగ్గరికి వెళ్ళి చెప్పాను. "అబూ రాషిద్ పదకొండు రోజులుగా లేవలేదు."

"అంటే ఐదు రోజులు" అంది ఫైలు తిరగేస్తూ.

"పదకొండు."

"ఇంతకుముందు ఒంటె కూడా ఉంది, ప్రసాద్."

మూడోసారి చెప్పినప్పుడు తలెత్తింది. నా ముఖం చూసి ఫైలు మూసింది. ఓబులేసు మాటలన్నీ పూసగుచ్చినట్టు చెప్పాను. పద్నాలుగో నిబంధన నేనే రాశానని కూడా.

"ఎందుకు రాశావు అలా?"

అప్పటిదాకా నన్ను నేను ఆ ప్రశ్న అడుక్కోలేదు. కాకినాడలో మా నాయనమ్మ ఇల్లు గుర్తుకొచ్చింది. పని చేసేవాళ్ళంతా పక్కసందులోంచి పెరట్లోకి వచ్చేవారు. మంగలాయన, చాకలావిడ, పాలవాడు, చివరికి నాయనమ్మకి కాన్పులు చేసిన మంత్రసాని కూడా. వీధి గుమ్మంలోంచి రమ్మని ఎవరూ అనలేదు, రాకూడదనీ ఎవరూ అనలేదు, అంతే. అది మర్యాద అనుకున్నాను. ఆ పెరటి గుమ్మాన్ని పెట్టెలో పెట్టుకుని సముద్రాలు దాటి తెచ్చి, ఖతర్ సర్కారు కాంట్రాక్టులో బిగించాను.

ఆవిడ కాంట్రాక్టు తీసి చివరి పేజీ చూసింది. తర్వాత "మా నాన్న మజ్లిస్‌లో చేపలమ్మే మనిషి కూడా కూర్చునేవాడు" అంది. "నాకు అది రాయాలని తట్టలేదు. నువ్వు ఇలా రాస్తావనీ తట్టలేదు. సంతకం నాది కూడా."

తప్పు చేసినవాణ్ణి ఒంటరిగా నిలబెట్టని అధికారి దొరికితే, పిల్లలూ, జీతం కాస్త తక్కువైనా ఆ కుర్చీ వదలకండి.

నిబంధన మార్చాలంటే కమిటీ కూర్చోవాలి. అది రెండు నెలల మాట. డాక్టరు రావడానికి తొమ్మిది రోజులే ఉంది. ఆవిడ కిటికీలోంచి చూస్తూ అంది. "కాంట్రాక్టు మార్చలేం. కానీ ఆ ఇంటికి అతిథులు వెళ్ళకూడదని ఏ నిబంధనా లేదు కదా."

అతిథులు కావలెను

ఆ సాయంత్రం నుంచి ఓబులేసు రంగంలోకి దిగాడు. ఆ వీధిలోని విల్లాల డ్రైవర్లలో సగం మంది మన రాయలసీమవాళ్ళే. "రేయ్, చొక్కా ఇస్త్రీ చేస్కోని రండి, ముందర గుమ్మం నుంచి, ఒక్కొక్కరే" అని అందరికీ చెప్పాడు. మధ్యాహ్నం దాటాక చేసే అసర్ నమాజు కాగానే మొదలయ్యేది. ఒక డ్రైవరు వచ్చి సలాం చెప్పి గహ్వా తాగి వెళ్ళేవాడు. పావుగంటకి లాండ్రీ నడిపే పెషావర్ ఆయన. తర్వాత కూరగాయల కొట్టు మలయాళీ. రోజు విడిచి రోజు నేను.

మొదటి రోజు అబూ రాషిద్ ఎవరికీ లేవలేకపోయారు. ప్రతి ఒక్కరికీ క్షమాపణ చెప్పారు. రెండో రోజు రాయచోటి నుంచి వచ్చిన ఒక డ్రైవరుకి సగం లేచారు. ఆ డ్రైవరు బయటికొచ్చి ఓబులేసుతో "నా కోసరం షేక్ లేయడమేందన్నా, నాకు కాళ్ళు వణికినాయి" అన్నాడు. "మల్లా రేపు రా. వణకకుండా రా" అన్నాడు ఓబులేసు.

ఆయనకి తెలియదనుకోకండి. మూడో రోజే నాతో ఉర్దూ అరబ్బీ కలిపి అన్నారు. "ఈ ఓబుల్ ఊళ్ళో డ్రైవర్లందర్నీ నా మీదికి తోలుతున్నాడు. పర్వాలేదు. వచ్చినవాడు వచ్చినవాడే." ప్రతివాణ్ణీ ఊరు అడిగేవారు, వాన పడిందా అని అడిగేవారు.

జోసెఫ్ సంగతి వేరు. నియమం తప్పితే కంపెనీ అతని మీద చర్య తీసుకుంటుంది. అందుకని గంట ముందే వచ్చి, ముందు గుమ్మంలోంచి అతిథిగా వెళ్ళి, సలాం చెప్పి, ఒక చిన్న కప్పు గహ్వా తాగి, చాలన్నట్టు కప్పు ఊపి ఇచ్చేసి, బయటికొచ్చి, ఇంటి చుట్టూ తిరిగి, చెప్పులు విప్పి, వంటింటి గుమ్మంలోంచి నర్సుగా వచ్చేవాడు. "యల్లా, ఇక కానివ్వు, రెండోవాడు వచ్చాడు" అని పెద్దాయన నవ్వేవారు. మొదటి జోసెఫ్‌కి లేచేవారు, రెండో జోసెఫ్‌కి చెయ్యి చాపేవారు, సూదికి.

ఏడో రోజుకి ఓబులేసు మణికట్టు పట్టుకుని పూర్తిగా నిలబడ్డారు.

డాక్టరు వచ్చిన రోజు

హెస్సా పొద్దున్నే వచ్చి మజ్లిస్ వెనక గదిలో కూర్చుంది. నేను మజ్లిస్‌లో, ఓబులేసు కుర్చీ పక్కన. అందరం ముందు గుమ్మం వైపే చూస్తున్నాం.

డాక్టరు జోర్డాన్ ఆయన, క్రమశిక్షణ గల మనిషి. వచ్చే ముందు కాంట్రాక్టు కూడా చదువుకుని వచ్చాడు. కాబట్టి పద్నాలుగో నిబంధన ప్రకారం వంటింటి గుమ్మంలోంచి వచ్చాడు. మేం తల తిప్పేసరికి బూట్లు చేతిలో పట్టుకుని పెద్దాయన వెనక నిలబడి ఉన్నాడు.

"బాబా, ఒకసారి లేచి నిలబడండి" అన్నాడు, కాగితం తీస్తూ.

అబూ రాషిద్ మెడ తిప్పి చూశారు. తిరిగి నా వైపు చూశారు. "ఎవరితను?" అన్నారు. లేవలేదు.

"ప్రయత్నించండి బాబా."

ఆయన ప్రయత్నించారు. నిజంగానే. ఆజ్ఞకి ఆ కాళ్ళు కదల్లేదు. డాక్టరు కాగితం మీద ఏదో రాశాడు. వెనక గదిలో హెస్సా కుర్చీ జరిగిన చప్పుడైంది.  ఇరవై రెండేళ్ళలో మొదటిసారి నాకు ఒక్క అబద్ధం కూడా తట్టలేదు.

అబద్ధం ఓబులేసుకి తట్టింది. "డాక్టర్ సాబ్, మీ కారు పక్కింటి గేటుకు అడ్డం ఉండాదంట. ఆ ఇంటాయన గొడవ చేస్తాండాడు. ఒక్క నిమిషం" అని వచ్చీరాని అరబ్బీలో గడగడా చెప్పి, ఆయన్ని వంటింటి గుమ్మంలోంచే బయటికి తీసుకుపోయాడు. అక్కడ కారూ లేదు, గొడవా లేదు. డాక్టరు అయోమయంగా చూస్తుంటే ఇంటి చుట్టూ తిప్పి ముందు గుమ్మం దగ్గరికి తెచ్చి, తలుపు బార్లా తీసి, గట్టిగా "తఫద్దల్" అన్నాడు. లోపలికి దయచేయండి అని.

గుమ్మంలో వెలుతురు. ఆ వెలుతురులో ఒక కొత్త మనిషి.

అబూ రాషిద్ చేతులు కుర్చీ మీదికి వెళ్ళాయి. ఓబులేసు అక్కణ్ణుంచి పరిగెత్తుకొచ్చి మణికట్టు అందించే లోపే ఆయన సగం లేచారు. మణికట్టు పట్టుకుని మిగతా సగం లేచారు. నిటారుగా నిలబడి కుడిచెయ్యి గుండె మీద పెట్టి "అహ్లన్, అహ్లన్" అని స్వాగతం చెప్పారు.

డాక్టరు కుర్చీ దగ్గరికి వచ్చి, నిలబడే రాయడం మొదలుపెట్టాడు. గడియారం చూస్తున్నాడు, రాస్తున్నాడు. ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. అతిథి కూర్చునేదాకా ఇంటి యజమాని కూర్చోడు. డాక్టరు కూర్చోవడం లేదు, కాబట్టి ఆయనా కూర్చోవడం లేదు. ఎడమ మోకాలు వణకడం నాకు కనిపిస్తోంది. చెప్పడానికి లేదు, చెబితే ఆయన పరువు పోతుంది. చివరికి ఓబులేసే కాలితో ఒక దిండుని మెల్లగా డాక్టరు పిక్కల వెనక్కి తోశాడు. ఆయన దానికి తగిలి కూలబడ్డాడు.

అప్పుడు అబూ రాషిద్ కూర్చున్నారు. "గహ్వా" అన్నారు.

ఆ రోజు కాగితం మీద రెండు గీతలున్నాయి. మొదటి రాతని కొట్టేసిన గీత ఒకటి, "ఇంట్లోనే ఉండవచ్చు" కింద గీసినది ఇంకొకటి.

రెండు నిమిషాలు

మర్నాడు మునీరా మేడమ్ అడిగింది. "ఎంతసేపు నిలబడ్డారు?"

"రెండు నిమిషాలు" అన్నాను.

ఆవిడ చేతిలో డాక్టరు కాగితం ఉంది. అందులో నాలుగు అని ఉంది. కాసేపు నన్నూ, కాగితాన్నీ చూసింది. "తగ్గింపు నువ్వే చేసుకొచ్చావా?" అంది.

నమ్మరేమోనని భయపడి సగం చెప్పాను. ఆ భయం నేను సంపాదించుకున్నదే. ఈ పనిలో మీ కళ్ళే ఆఫీసు కళ్ళు. మీరు కలిపి చెబితే, కలపనిది చెప్పవలసిన రోజున ఎవరో ఒక ముసలాయన ఇల్లు పోతుంది. సరదాకి కథలు నాకు చెప్పండి, వింటాను. ఫైలుకి చెప్పకండి.

రెండు నెలలకి పద్నాలుగో నిబంధన మారింది. "సిబ్బంది ఇంటి అతిథులు వచ్చే గుమ్మం నుండి ప్రవేశించవలెను. పలకరింపుకు పట్టిన సమయం సేవా సమయంలో భాగమే." రెండో వాక్యం మేడమ్ కలిపింది. జోసెఫ్‌కి ఇంటి చుట్టూ తిరిగే పని తప్పింది. ఓబులేసు మాత్రం ఇప్పటికీ వంటింట్లోంచే వస్తాడు. అడిగితే "నేను అతిథి ఎట్లయితాను సార్" అంటాడు. ఆ నిబంధన రాసిన పెద్దసారు నేనేనని అతనికి ఇంతవరకూ చెప్పలేదు. ఇది చదివితే తెలుస్తుంది.

నిన్న అతను ఫోన్ చేశాడు. "సార్, మొన్నటి నుంచి డ్రైవర్లంతా ఊర్లకు పోయినారు, సెలవలు. నిన్న దినమంతా ఆయప్ప రెండుసార్లే లేసినాడు. మీరు రేపు ఒకతూరి వస్తారా?"

ఇవాళ అసర్ కాగానే బయలుదేరుతున్నాను. ముందు గుమ్మంలోంచే వెళతాను. వెళ్ళి, కాస్త ఆలస్యంగా కూర్చుంటాను.